కృపాబాయి సత్తియనాథన్ : జీవితము, విశ్వాసము, నవలారచన

భారతస్త్రీలు ఆంగ్లభాషలో రచించిన నవలలను గూర్చి ముచ్చటించునపుడు తొలుత స్మరింపదగిన పేర్లు రెండు. ఒకటి వంగదేశమునకు చెందిన తోరుదత్తు. రెండవది మహారాష్ట్రమున పుట్టి మద్రాసున జీవితము చాలించిన కృపాబాయి సత్తియనాథన్. ఇరువురును క్రైస్తవులు, ఇరువురును చిన్నవయస్సుననే క్షయవ్యాధికి బలియైరి. తోరుదత్తు 1877లో ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున గతించినపుడు ఆమె ఆంగ్లనవల బియాంకా అసంపూర్ణముగా నిలిచిపోయినది. కృపాబాయికి ముప్పదిరెండేండ్లు దక్కినవి. ఆ కొలది కాలములో ఆమె రెండు నవలలను పూర్తిచేసెను. ఒకటి క్రైస్తవగృహమును గూర్చినది, పేరు సగుణ. రెండవది హిందూగృహమును గూర్చినది, పేరు కమల.

ఈ రెండు గ్రంథములను మిషను ప్రచారసాహిత్యములో చేర్చి తృప్తిపడుట చాలకాలము జరిగినది. రచయిత్రి ఒక క్రైస్తవ మతబోధకుని కుమార్తె, మరియొక మతాచార్యుని కోడలు. ఆమె తొలినవల వెలువడినది క్రైస్తవకళాశాల పత్రికలో. నిర్ణయమునకు ఇంతమాత్రము చాలునని అనుకొనిరి కాబోలు. కాని ఆమె జీవితమును, నవలలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ప్రచారకుని కథకును, విశ్వాసముగల నవలాకారుని కథకును గల భేదము ఆమెకు బాగుగా తెలిసియుండెనని స్పష్టమగును. ఆ ఎరుక ఆమెకు ఏ అనుభవముల వలన కలిగినదో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశ్యము.

కృపాబాయి 1862 ఫిబ్రవరి 14వ తేదీన బొంబాయి రాజధానిలోని అహ్మద్ నగరున జన్మించెను. తండ్రి హరిపంత్ ఖిస్తీ, తల్లి రాధాబాయి. ఇరువురును బ్రాహ్మణవంశీయులు, క్రైస్తవమతమును స్వీకరించినవారు. అహ్మద్ నగరు అప్పటికి ముప్పదియేండ్లుగా అమెరికను మరాఠీ మిషనునకు ముఖ్యకేంద్రము. హరిపంతు దంపతుల పదునలుగురు బిడ్డలలో కృపాబాయి పదుమూడవది. తండ్రి ఆమె పసితనముననే గతించెను. ఇంత పెద్ద కుటుంబమును తల్లియు, పెద్దన్నయగు భాస్కరుడును నడుపవలసివచ్చెను.

తల్లిదండ్రుల మతాంతరమును కృపాబాయి చూచినది కాదు, విన్నది. ఆ విన్నదానినే ఆమె సగుణ నవలకు పునాదిగా చేసికొనెను. ఆ నవల ఆత్మకథాత్మకము. అయినను అది కథానాయిక బాల్యముతో ప్రారంభింపదు. హరిచంద్రుడను పేరుతో తండ్రిని, రాధ యను పేరుతో తల్లిని ప్రవేశపెట్టి, వారి కథను మొదట విస్తరించి చెప్పును. ఈ భాగము గ్రంథమునకంతకును ప్రాణమని నా అభిప్రాయము. హరిచంద్రుని మతాంతరము విచారణవలన కలిగినది. అతడు చదివెను, సంశయించెను, వెదకెను, తుదకు ఒక నిర్ణయమునకు వచ్చెను. అట్టి కథలు ఆనాటి మిషను పత్రికలలో కోకొల్లలు. రాధ సంగతి అట్టిది కాదు. ఆమె ఏమియు వెదుకలేదు. బాల్యవివాహము జరిగి అత్తింటికి వచ్చిన ఆమెకు భర్త ఒకనాడు ధర్మభ్రష్టుడైనాడని తెలిసెను. అతనితో పోవుటయా, పుట్టినింటను జీవచ్ఛవమై నిలుచుటయా యను రెండు మార్గములే ఆమెకు మిగిలినవి.

రాధకు మతమనగా సిద్ధాంతము కాదు. మడి, వంట, నీరు, పంక్తి, పండుగ, పుట్టింటి గడప, ఇవియే ఆమె మతము. భర్త వాదించి గెలిచినంత మాత్రమున ఇవి ఆమె చేతినుండి జారిపోవు. ఆమె మార్పు నెమ్మదిగా, దుఃఖముతో, ఏండ్లమీద జరిగినట్లు నవలలో చూడగలము. మతాంతరమును గూర్చి వ్రాసిన ప్రచారకులు సాధారణముగా పురుషుని హృదయములో జరిగిన ఒక క్షణమును వర్ణించి, భార్యాపిల్లలు అతనిని అనుసరించిరని ఒక్క వాక్యముతో ముగింతురు. కృపాబాయి ఆ ఒక్క వాక్యమును తెరచి, అందు దాగియున్న స్త్రీని బయటకు తెచ్చెను. ఆమె తల్లిని దూషింపలేదు, తండ్రిని తక్కువచేయనూ లేదు. తండ్రి నిర్ణయము సరియైనదని నమ్ముచునే, దానికి మూల్యము చెల్లించినది తల్లియని గ్రహించినది. క్రైస్తవురాలైన కుమార్తె ఈ లెక్కను ఇంత నిష్కర్షగా చెప్పుట చిన్న విషయము కాదు.

భాస్కరుడు చెల్లెలికి గురువు. పుస్తకములయందు ఆమెకు అభిరుచి కలిగించినది అతడే. సగుణలో ఈ సోదరుని పాత్ర ఎంతో ప్రేమతో చిత్రింపబడినది. క్రైస్తవుడైనను అతడు స్వదేశాభిమాని. క్రైస్తవమును అవలంబించుటయనగా దొరల వేషభాషలను అనుకరించుట కాదని నమ్మినవాడు. అతడు యౌవనముననే మరణించెను. ఆ మరణము కృపాబాయి జీవితములో మొదటి గొప్ప దెబ్బ.

అటుపిమ్మట ఆమె బొంబాయికి చేరెను. అచ్చట కొంతకాలము ఇద్దరు ఐరోపా స్త్రీల చెంత ఉండవలసివచ్చినదనియు, వారు తనను సమానముగా చూడలేదనియు సగుణలో చిత్రించినది. ఒకే ప్రభువును కొలుచువారి ఇంటిలో ఈ అంతరము ఏమని పదునైదేండ్లైన నిండని బాలిక అడిగినది. పెద్దయైన పిమ్మట ఆ ప్రశ్నను మరువక అచ్చుకెక్కించినది. అంతటితో ఆగక, దొరల మెప్పుకొరకు తమవారిని చిన్నచూపు చూచు దేశీయక్రైస్తవులను కూడ ఆమె విడువలేదు. ఆ పత్రిక పాఠకులలో అధికసంఖ్యాకులు ఈ రెండు తెగలవారే కదా! ఎదుట కూర్చున్నవారిని గూర్చియే వ్రాయుటకు కొంత ధైర్యము వలయును. ఆమెకు అది కలదు.

బొంబాయి పాఠశాలలో ఒక అమెరికను వైద్యురాలి పరిచయము ఆమె ఆశయమును నిర్ణయించెను. వైద్యవిద్య నేర్చి అంతఃపురములలోని స్త్రీలకు సేవచేయవలెనని ఆమె సంకల్పించెను. ఇంగ్లండుకు పోవుటకు విద్యార్థివేతనము లభించుటకు అవకాశమేర్పడినది. కాని ఆమె ఆరోగ్యము అచ్చటి శీతలమును సహింపజాలదని తలచి, మద్రాసు వైద్యకళాశాలయే మేలని పెద్దలు నిర్ణయించిరి. ఆ కళాశాల 1875లోనే స్త్రీలకు ప్రవేశమొసగి దేశమున మార్గదర్శకమైనది. తరువాత ప్రసిద్ధురాలైన మేరీ షార్లీబ్ ఆ తొలి జట్టులోనిది. కృపాబాయి 1878లో అచ్చట చేరెను. మొదటి సంవత్సరమున ప్రతిభ చూపి బహుమానములు గడించెను. కాని దేహము సహకరింపలేదు. మరుసటి యేడు చదువు విడిచి పూనాలోని అక్కగారింటికి పోవలసివచ్చెను. ఆనందీబాయి జోషి అమెరికాలో వైద్యపట్టము పొందినది 1886లో. ఆమెయు మరుసటియేడే మరణించెను. ఆ తరమున చదువుకొనిన స్త్రీలకు వ్యాధితో పోరాటము చదువులో ఒక భాగమైనదా యనిపించును.

మద్రాసులో ఆమె బస చేసిన ఇల్లు పేరుపొందినది. గృహస్థు డబ్ల్యు. టి. సత్తియనాథన్ గారు చర్చి మిషనరీ సొసైటీకి చెందిన మతాచార్యులు, చింతాద్రిపేటలోని సీయోను దేవాలయ పాదిరి. హిందూకుటుంబమున పుట్టి క్రైస్తవులైనవారు. వారి భార్య అన్నా సత్తియనాథన్ దక్షిణదేశమున ఆ సంస్థకు తొలి దేశీయ మతాచార్యులలో నొకరగు జాన్ దేవసహాయముగారి కుమార్తె. అంతఃపురస్త్రీల విద్యకై విశేషముగా పాటుపడినది. 1881లో కృపాబాయి మద్రాసునకు తిరిగి వచ్చెను. కేంబ్రిడ్జిలో చదువు ముగించివచ్చిన ఆ ఇంటి కుమారుడు శామ్యూల్ సత్తియనాథనుతో ఆమెకు పరిచయమై, అది వివాహముగా పరిణమించెను. మరాఠీ కోడలు తమిళుల ఇంటికి వచ్చినది. ఇంటిలో ఉభయులకును ఉమ్మడిభాష ఆంగ్లము. ఆమె రచనాభాషను గూర్చి విచారించువారు ఈ విషయమును గమనింపవలెను. ఆంగ్లము ఆమెకు అధికారుల భాష మాత్రమే కాదు. భర్తతో మాటలాడిన భాష.

శామ్యూలుకు ఉదకమండలములోని బ్రీక్సు స్మారకపాఠశాలలో ప్రధానోపాధ్యాయపదవి లభించెను. కొండగాలి కృపాబాయికి సరిపడెను. అచ్చట ఆమె చర్చి మిషనరీ సొసైటీ సహాయముతో మహమ్మదీయ బాలికలకొక పాఠశాల నెలకొల్పి, ఇతర బాలికాపాఠశాలలలోను బోధించుచుండెను. ఒక భారతీయ మహిళ యను మారుపేరుతో పత్రికలకు వ్యాసములు పంపుటయు అచ్చటనే మొదలైనది. తోడాల పల్లెను దర్శించి వ్రాసిన వ్యాసము వానిలో నొకటి. స్త్రీవిద్య, గృహజీవనము, సాంఘికాచారములు ఆమెకు ప్రియమైన విషయములు. ఈ వ్యాసములు మంచివే. కాని అట్టివి వ్రాయగలవారు అప్పటికే మరికొందరుండిరి. వానిని గూర్చి ఇచ్చట విస్తరింపను.

ఉదకమండలమునుండి ఆ దంపతులు రాజమహేంద్రవరమునకు వచ్చిరి. గోదావరీతీరమున ఆమెకు ఆరోగ్యము చెడెను. చాలకాలము మంచము పట్టియుండెను. కుంభకోణమున కొంతకాలము గడపి, 1886లో వారు మద్రాసున స్థిరపడిరి. జీవితచరిత్రకారులు రాజమహేంద్రవర నివాసమును ఒక వాక్యముతో దాటిపోవుదురు. తెలుగుసాహిత్యముతో పరిచయముగలవారు అట్లు దాటిపోజాలరు. ఆమె వచ్చిన 1880ల నడిమి కాలమున ఆ పట్టణము దక్షిణభారతమున సంఘసంస్కరణమునకు పట్టుగొమ్మ. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన అచ్చటనే మొదటి వితంతువివాహమును జరిపించిరి. 1878లో వివేకవర్ధనిలో ప్రకటితమై 1880లో గ్రంథరూపము దాల్చిన రాజశేఖరచరిత్రము కూడ ఆ పట్టణపు సంతానమే.

రాజశేఖరచరిత్రములో రుక్మిణి భర్త నృసింహస్వామి మరణించెనని వార్త వచ్చును. ఇంటిల్లిపాదియు దుఃఖమున మునుగుదురు. ఆ వార్త అబద్ధమని తరువాత తేలును. భర్త సజీవుడై తిరిగి వచ్చును. జీవితమున వితంతువుకు పెండ్లి చేయించి సంఘబహిష్కారమును ఎదుర్కొన సాహసించిన పంతులుగారు, నవలలో మాత్రము నాయికా తుల్యురాలగు కుమార్తెకు వైధవ్యమును తప్పించుటతో సరిపెట్టుకొనిరి. ఇది వారి లోపమని నేననను. నవల వెలువడిన పిమ్మటనే ఆ వివాహము జరిగినది. కార్యము కథకంటె ముందుకు పోయినది. కృపాబాయి కమలలో మరియొక విధముగా నడచినది. అందు నాయిక నిజముగనే వితంతువగును. వరుడును సిద్ధముగా నుండును. ఆమెయే నిరాకరించును.

ఆ నవల సంగతికి వచ్చుటకు ముందు సగుణ రచనను గూర్చి చెప్పవలసియున్నది. మద్రాసున స్థిరపడిన పిమ్మట 1887, 1888 సంవత్సరములలో ఆ గ్రంథము మద్రాసు క్రిస్టియన్ కళాశాల పత్రికలో భాగములుగా వెలువడినది. దానికి ఉపశీర్షిక దేశీయక్రైస్తవజీవిత కథ యను అర్థమునిచ్చునది. ఆ శీర్షికలోనే ఒక వాదము కలదు. ఆనాటి హిందువుల దృష్టిలో క్రైస్తవుడైనవాడు స్వదేశమునకు కొరగానివాడు. ఆంగ్లేయుల దృష్టిలో ఎంత చదివినను రెండవ తరగతివాడు. ఈ రెండు దృష్టుల నడుమ నున్న ఇల్లు ఎట్లుండునో ఎవరును చూపలేదు. ఆ ఇంటిలోను పసిపిల్లలు పుట్టుదురు, అన్నలు చెల్లెండ్రకు కథలు చెప్పుదురు, తల్లులు పాత పాటలను మరువలేకయుందురు. ఆ చిత్రమే ఆమె ధ్యేయము. 1883లో పండిత రమాబాయి ఇంగ్లండులో బాప్తిస్మము పొందినపుడు మహారాష్ట్రమంతయు అలజడి చెందినది. రమాబాయికి విశ్వాసము పోరాడి సంపాదించుకొనినది. కృపాబాయికి అది తండ్రి ఆస్తివలె సంక్రమించినది. సంక్రమించినదానిని తనదిగా చేసికొనుట యెట్లు? సగుణ యంతయు ఈ ప్రశ్నచుట్టును తిరుగును. జవాబు ఒక ప్రార్థనాసభలోనో, ప్రసంగములోనో లభింపదు. చదువులోను, అన్నయొక్క మరణములోను, తనను అవమానించినవారిని ఎదిరించిన తెగువలోను కొంచెము కొంచెముగా లభించును.

నవల ముగింపు మాత్రము బలహీనము. చదువు ఆగిపోయిన నాయికకు సమానభావముగల యువకుడు తారసపడి వివాహము జరుగుటతో కథ ముగియును. జీవితమున జరిగినదే కావచ్చును. అయినను వైద్యవిద్య కోల్పోయిన దుఃఖము ఆ పెండ్లిలో కరగిపోయినట్లు చూపుట పాఠకునికి సులభముగా రుచింపదు. ఆంగ్లనవలల అలవాటు ఆమె చేతిని పట్టి నడిపించినదనిపించును.

ఇంతలో ఆమెకొక శిశువు కలిగి, ఏడాది నిండకుండగనే మరణించెను. ఆ దంపతులకు మరి సంతానము లేదు. కృపాబాయి మనస్సును శరీరమును ఒక్కమారుగా క్రుంగిపోయినవి. 1890లో అత్తగారును, 1892లో మామగారును గతించిరి. వ్యాధి నయము కానిదని తేలినది. ఇట్టి స్థితిలో, చావు సమీపించుచున్నదని ఎరిగియుండియే, ఆమె కమలను రచించినది. దానిని ముగించిన కొలదికాలమునకే కన్నుమూసెను.

చావు ఎదుటనున్న విశ్వాసి తన కడపటి రచనలో ఏమి వ్రాయునని ఎదురుచూతుము? మిషను పాఠకులు తప్పక ఒక మతాంతరమును ఆశించియుందురు. అందుకు పూర్వరంగమును లేకపోలేదు. 1852లో హన్నా కాథరిన్ మల్లెన్స్ బంగాళీలో రచించిన ఫూల్‌మణి, కరుణల వృత్తాంతము దేశీయక్రైస్తవ స్త్రీలకు బుద్ధులు చెప్పుటకే పుట్టి, పలు భారతీయభాషలలోనికి పోయినది. కృపాబాయి మాతృభాషయగు మరాఠీలోనే, క్రైస్తవుడగు బాబా పద్మన్‌జీ 1857లో యమునాపర్యటన మను గ్రంథమును వ్రాసెను. వితంతువుల దుర్దశను చూపుటకు అది పుట్టినది. అందు నాయిక యమున వితంతువై, బాప్తిస్మము పొంది, తుదకు ఒక క్రైస్తవుని పెండ్లాడును. వైధవ్యమను వ్యాధికి మతాంతరము, పునర్వివాహము ఔషధములని ఆ కథ చెప్పును. మరాఠీ నవలకు ఆదిగ్రంథముగా దానిని పలువురు గౌరవింతురు. ఆ గౌరవము సముచితమే.

కమలలో ఈ రెండు ఔషధములును లేవు. కమల కొండపై దేవాలయము చెంత, లోకమునకు దూరముగా బ్రదుకు పండితుడగు తండ్రి పెంపకమున, తల్లిలేని బిడ్డగా పెరుగును. గణేశుడను విద్యావంతునితో ఆమెకు పెండ్లియగును. అత్తింటిలో సూటిపోటి మాటలు, చాకిరి. భర్త మొదట ఆమెకు చదువు చెప్ప ప్రయత్నించును. ఇంటివారి ఎత్తిపొడుపులకు జడిసి విరమించును. క్రమముగా సాయి యను మరియొక స్త్రీవలలో పడును. కమల శీలమునే శంకించును. ఆమె ఇల్లు విడుచును. గణేశుడు విషూచివలన మరణించును, పసికూతురును చనిపోవును. అప్పుడు చిన్ననాడు ఆమెకు వరుడుగా అనుకొనబడిన రామచంద్రుడు, వైద్యుడు, ఉత్తముడు, ఆమెను పెండ్లాడ కోరును. కమలకు అతనియందు ప్రేమ లేకపోలేదు. అయినను ఆమె కాదని, శేషజీవితమును దీనులకు, అనాథలకు సేవచేయుటలో గడపును.

ఈ నిరాకరణమును రచయిత్రి మెచ్చుకొనినదా? మెచ్చుకొనలేదు. స్వేచ్ఛ చేతికి అందినను నాయిక అందుకొనలేకపోయినదని కథకురాలు బాధపడినట్లు స్పష్టముగా తెలియును. కమల నమ్మిన మతము ఇంకను అపరిపక్వమని కూడ ఆమె అభిప్రాయము. అయినను ఆ మతమునకే గెలుపు నిచ్చినది. ఇచ్చటనే నవలాకారిణి ప్రచారకురాలినుండి వేరుపడినది. తాను నమ్మినది వేరు. తన నాయిక నమ్మగలిగినది వేరు. రచయిత్రి విశ్వాసమును నాయికకు అంటగట్టినచో కమల అను వ్యక్తి మాయమై, దృష్టాంతము మిగులును. సగుణలో తల్లి రాధ మనస్సును అర్థముచేసికొనుటకు పడిన శ్రమయే కమలను వ్రాయుటకు శిక్షణమైనదని నేను భావించుచున్నాను. మతమును మడిగా, పండుగగా, కొండపై గుడిగంటగా, చనిపోయిన తండ్రి మాటగా అనుభవించు స్త్రీ, వాదమునకు లొంగి దానిని విడువదని ఆమెకు తన ఇంటి కథయే నేర్పినది. రాధ విడువలేక విడిచినది. కమల విడువక నిలిచినది.

రామచంద్రుని ప్రతిపాదన వచ్చు ఘట్టమున రాజమహేంద్రవరపు గాలి సోకలేదా యని తెలుగుపాఠకునికి తోచవచ్చును. వితంతువివాహము అప్పటికి చర్చ మాత్రమే కాదు. జరిగిన కార్యము, పత్రికలలో వాదప్రతివాదములకు నెలవైన విషయము. సంస్కర్తలు ద్వారము తెరచిరి. తెరచిన ద్వారమునుండి ఒక స్త్రీ ఏల బయటకు రాలేకపోయినదో చెప్పుట నవలాకారిణి పని. సంస్కరణోద్యమమునకు ఇది వ్యతిరేకము కాదు. దానికి అందని లోతు.

అదే కాలమున తమిళమున మరియొక క్రైస్తవ నవలాకారుడు వేరొక మార్గము త్రొక్కెను. కతోలికుడగు మాయూరము వేదనాయకము పిళ్ళ 1879లో ప్రకటించిన ప్రతాప ముదలియారు చరిత్రము తమిళనవలలలో మొదటిది. అందు హిందూకుటుంబముల వేడుకలు, పరిహాసకథలు, నీతులు నిండియున్నవి. గ్రంథకర్త మతము పొడచూపదు. సర్వమతసామరస్యమును కోరి కీర్తనలు రచించిన పెద్దమనిషికి అట్లు తప్పుకొనుట సహజము. కృపాబాయి తప్పుకొనలేదు. కమలలో కథకురాలు క్రైస్తవురాలని పాఠకుడు ప్రతిప్రకరణమునను గుర్తించును. తన దృష్టిని దాచకయు, పాత్రల దృష్టిని చెరుపకయు వ్రాయుట ఈ రెండు పద్ధతులకంటెను కష్టము. అక్కడక్కడ ఆమె తూకము తప్పినమాట నిజమే. అత్తింటివారిని చిత్రించునపుడు, ముఖ్యముగా యాత్రాస్థలముల రద్దీని, పూజారులను వర్ణించునపుడు, మిషను నివేదికల ధోరణి వాక్యములలో చొరబడును. ఆంగ్లేయ పాఠకునికి ఆచారములను వివరించుటకై కథ ఆగి నిలుచును. కొండలు, సెలయేళ్లు, వేకువ వెలుగు వచ్చినపుడు మాత్రము ఆమె ఎవరికిని ఏమియు వివరింపదు. దక్కను పీఠభూమి ఆమె బాల్యము. దానిని తలచుకొనునపుడు భాష తేటపడును.

కృపాబాయి 1894 ఆగష్టు 3వ తేదీన మద్రాసున మరణించెను. కమల ఆ సంవత్సరముననే పుస్తకరూపమున వెలువడినది. మద్రాసు విద్యాశాఖాధ్యక్షుని భార్యయగు గ్రిగ్ దొరసాని వ్రాసిన జీవితచరిత్ర దానికి పీఠికగా నున్నది. మనకు ఆమె జీవితమును గూర్చి తెలిసినదానిలో చాలభాగము ఆ పీఠికనుండియే వచ్చినది. ఒక ఆంగ్లేయ వనిత సానుభూతితో, కొంత దయాభావముతో వ్రాసిన చరిత్రయది. దేశీయుల పట్ల ఆంగ్లేయుల అహంకారమును గూర్చి సగుణలో నున్న పరుషవాక్కులకు ఆ పీఠికాస్వరమునకు పొత్తు కుదరదు. పరిశోధకుడు రెంటిని కలిపి చదువవలెను. సగుణ 1895లోను, వ్యాసములు 1896లోను గ్రంథములైనవి. రెండు నవలలును త్వరలోనే తమిళమునకు పోయినవి. ఆంగ్లమున వ్రాసినను దేశభాషా పాఠకుని అవి ఇంత వేగముగా చేరుట గమనింపదగినది. ఆమె స్మారకముగా మద్రాసు విశ్వవిద్యాలయమున ప్రవేశపరీక్షలో ఆంగ్లమున ప్రథమురాలగు బాలికకు ఒక పతకమేర్పడెను. ఆ మీద ఒక శతాబ్దమునకు, 1998లో, చాందనీ లొకుగె సంపాదకత్వమున రెండు నవలలును ఢిల్లీలో పునర్ముద్రణము పొంది విశ్వవిద్యాలయములలో పఠనీయములైనవి.

శామ్యూల్ సత్తియనాథన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తర్క, నీతిశాస్త్రముల ఆచార్యుడై, కొన్నియేండ్లకు మరల వివాహమాడెను. ఆ వధువు రాజమహేంద్రవరమున పుట్టిన తెలుగుకన్య హన్నా రత్నము కృష్ణమ్మ. దక్షిణభారతమున పట్టభద్రులైన తొలి స్త్రీలలో నొకతె. వివాహానంతరము ఆమె కమలా సత్తియనాథన్ అను పేరుతో ప్రసిద్ధురాలైనది. మొదటి భార్య కడపటి నవలకు అదే పేరు. భార్యాభర్తలు కలిసి రచించిన భారతీయక్రైస్తవజీవిత కథలు 1898లో వెలువడినవి. 1901లో ఆమె మద్రాసునుండి ఇండియన్ లేడీస్ మాగజైన్ ను ప్రారంభించెను. సరోజినీ నాయుడు తొలినాటి రచనలు కొన్ని ఆ పత్రికలో వెలువడినవి. రుకియా సఖావత్ హుసేన్ రచించిన సుల్తానా స్వప్నము 1905లో మొదట అచ్చైనదియు అందులోనే.